దూది పిల్లికి గొంతు

మా వైపు వాన మొహం చాటేస్తే పిల్లిని ఊరేగిస్తాం. వెదురు బుట్టలో కూర్చోబెట్టి ఇద్దరు మోస్తుంటే, ప్రతి ఇంటివాళ్లూ దాని మీద నీళ్లు పోస్తారు. తడిసిన పిల్లి అరవాలి, ఆ అరుపు పైనున్న వానదేవుడికి వినపడాలి. మూగజీవాన్ని అలా ఏడిపించడం తప్పని కుర్రకారు పట్టుబట్టాక బుట్టలోకి దూది పిల్లి వచ్చింది. మంచి పనే. కానీ దూది అరవదు కదా. దాని బదులు మా ఊరి లమూన్ అరిచేది.

థాయిలాండ్‌లో కంబోడియా సరిహద్దునున్న సురిన్ పల్లెల్లో మేం ఇళ్లలో మాట్లాడేది ఖ్మేర్. మా పిల్లి "న్యావ్" అంటుంది, ముక్కులో మొదలై గొంతులో సాగుతుంది. బడిలోని థాయి వాచకంలో పిల్లి "మియావ్" అంటుంది. నాట్లు వేసి, పట్టుపురుగులు పెంచి బతికిన మనిషి లమూన్. ఆమె "న్యావ్" అంటే గోడ మీది పిల్లులు చెవులు రిక్కించేవి.

కూతురు సువన్నీ ఒకటో తరగతిలో ఉండగా, పంతులు బొమ్మ చూపించి ఇదెలా అరుస్తుందని అడిగాడు. పిల్ల ఇంట్లో విన్నట్టే అరిచింది. "ఖ్మేర్ మాట్లాడాను" అని రాసిన పలక మెడలో వేలాడదీసి ఎండలో నిలబెట్టారు. తల్లి నేర్పిన అరుపుకి పసిపిల్లను శిక్షించిన ఆ బడిని నేను క్షమించను. అయితే ఆ సాయంత్రం లమూన్ చేసిందీ చెప్పాలి. పిల్లను ఒళ్లోకి తీసుకుని, తనకు సరిగా రాని థాయిలో, "మియావ్ అను తల్లీ. ఇంకెప్పుడూ అలా అనకు" అంది. ఆనాటి నుంచి కూతురితో ఖ్మేర్ మాట్లాడలేదు. భయపడి చేసింది, ప్రేమతోనే చేసింది. కానీ బడి చేసిన పనినే బడికంటే గట్టిగా చేసింది.

ఈ ఏడాది నారుమళ్లు నెర్రెలిచ్చాయి. దగ్గుతో లమూన్ గొంతు పోయింది.

"ఈసారి నువ్వే అరవాలే" అంది, ఇప్పుడు పెద్దదైన కూతురితో.

"అరుస్తాలేమ్మా" అంది సువన్నీ చేపలు తోముతూ. "మియావ్."

పక్కింటి యాన్ పడీపడీ నవ్వింది. "ఇదేం పిల్లి లమూనూ, బడి యూనిఫాం తొడుక్కుని వచ్చినట్టుంది."

లమూన్ నవ్వలేదు. "అలా కాదు. ముక్కులోంచి తియ్యి. న్యా..." దగ్గు తెర అడ్డం పడింది.

"నాకు రాదమ్మా."

"చిన్నప్పుడు ఎంత బాగా అరిచేదానివి."

"అరిచేదాన్ని. నువ్వే వద్దన్నావు, ఒళ్లో కూర్చోబెట్టుకుని మరీ. ఇప్పుడు అలా అనబోతే నాకు ఆ ఎండే గుర్తొస్తుంది. నన్నేం చెయ్యమంటావ్?"

కోపంగా అనలేదు.

ఊరేగింపులో సువన్నీ బుట్ట ముందు నడిచింది. వాకిలి వాకిలికీ "మియావ్" అంది. పిల్లలంతా గొంతు కలిపారు. వాళ్లకు తెలిసిన పిల్లి అదే. జనం బిందెలు గుమ్మరించారు, మోసేవాళ్లకు సారా పోశారు, నవ్వుకున్నారు. తేడా ఎవరికీ పట్టలేదు. వెనకాల తడిసిన కట్టుగుడ్డ పిండుకుంటూ లమూన్ నడిచింది.

కొద్దిరోజులకే వాన దంచికొట్టింది.

"చూశావా, వానదేవుడికి థాయి కూడా వచ్చు" అంది యాన్, చూరు కింద నిలబడి.

లమూన్ వానకేసి చూసింది. "ఆ మియావ్‌కి పడకపోతే బాగుణ్ణనిపించింది యాన్. నారు ఎండినా సరేననిపించింది. ఎంత పాపిష్టిదాన్నో చూడు."

పొలంలో సువన్నీ అప్పటికే నడుం వంచి నారు పీకుతోంది. లమూన్ కండువా తలకు చుట్టుకుని, దగ్గుతూనే, ఆ వానలోకి దిగింది.