ఖాలా దాచిన పాదం

పోయిన శుక్రవారం మస్కట్‌లోని దార్సైట్‌లో ఒక స్నేహితురాలి ఇంట్లో తెలుగువాళ్లం కలిసినప్పుడు, కాలేజీలో చదివే ఒక అమ్మాయి మా పెదనాన్న కవిత చదివింది. హీబ్రూలో ఆయనే రాసి, ఆయనే తెలుగు చేసుకున్న కవిత అది. చదవడం అయ్యాక ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "ఆయన చేతిరాత ప్రతి మీ దగ్గరుందా అమ్మా?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఆ కవిత చివరి పాదానికి ఆయన చేతిరాత ఎక్కడిది!

మాది గుంటూరు వైపు హీబ్రూలో ప్రార్థన చేసుకునే కొద్ది యూదు కుటుంబాల్లో ఒకటి. శనివారం మాకు విశ్రాంతి దినం, చుక్కలు పొడిచేదాకా మా ఇళ్లలో పొయ్యి వెలగదు, కలం కదలదు. పెదనాన్న మస్కట్ వచ్చి ఇక్కడ బడిలో లెక్కలు చెబుతూ, మిగిలిన పొద్దంతా హీబ్రూకే ఇచ్చేశారు. తాతగారు నేర్పిన ప్రార్థనలతో మొదలుపెట్టి సొంతంగా కవిత్వం రాసేదాకా వెళ్లారు. హీబ్రూ పాటలు తెలుగులోకి, మన నాట్ల పాటలు హీబ్రూలోకి తెచ్చారు. కొట్లో అరబ్బీ మాట ఒకటి విని, అది హీబ్రూకు చుట్టమని మురిసిపోయి, పెరుగు తేవడం మరిచి ఇంటికొచ్చిన రోజులున్నాయి. అయితే ఆయన కవిత్వానికి ఒక పాడు అలవాటు ఉండేది. వారమంతా మొహం చాటేసి, సరిగ్గా శనివారమే తలుపు తట్టేది. రాయకూడదాయె. మనసులో పెట్టుకుంటే సాయంత్రానికి పది రకాలుగా మార్చేస్తానని ఆయన భయం. అందుకని వచ్చిన పాదాన్ని వచ్చినట్టే ఇంట్లోవాళ్లకు తలా ఒకటి అప్పజెప్పి, చుక్కలు పొడిచాక అందరి దగ్గరా తీసుకుని రాసుకునేవారు. ఉద్యోగానికని వచ్చి వాళ్లింట్లో ఉంటున్న నాకూ వాటా తప్పేది కాదు. "నాకు పొట్టిది ఇవ్వండి. పోయినవారంది ముద్ద నోట్లో పెట్టుకోగానే జారిపోయింది," అని పెద్దమ్మ బేరమాడేది. అందరికంటే నమ్మకస్తురాలు ఎదురు ఫ్లాట్‌లో ఉండే హైదరాబాదు ఆవిడ, ఉర్దూలో పిన్ని అన్నట్టు మేమంతా ఖాలా అనేవాళ్లం. ఆమెకు తెలుగు చదవడం రాదు గానీ, ఇచ్చిన మాట పొల్లు పోకుండా తిరిగొచ్చేది.

ఆయన పుస్తకం అచ్చుకు వెళ్లే రోజులు. వాళ్లమ్మ మీద హీబ్రూలో రాసిన కవిత ఒక్కటే ఇంకా పూర్తిగా తెలుగు కాలేదు. ఎన్నేళ్లు కుస్తీ పట్టినా చివరి పాదం లొంగలేదు. "అమ్మ లేకుండా పుస్తకం ఇవ్వను. ఊళ్లో అక్కయ్య వినాలి, ఆమెకు తెలుగొక్కటే కదా వచ్చు," అని భీష్మించుకు కూర్చున్నారు. ఒక శనివారం పొద్దున అది వచ్చేసింది! ఆయన గబగబా వెళ్లి ఖాలాకు అప్పజెప్పారు. మేము మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు, హైదరాబాదులో ఉన్న తన అక్కకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చి ఖాలా ఉన్నపళంగా విమానం ఎక్కేసింది. చుక్కలు పొడిచాక వెళ్లి చూస్తే తలుపుకు తాళం. పెదనాన్న మెట్ల మీద కూలబడ్డారు. పొద్దుటి పాదం ఆయన నోట్లో అప్పటికే రకరకాలుగా మారిపోయి, ఏది అసలుదో తెలియకుండా పోయింది.

కాసేపటికి ఇంట్లో ఫోన్ మోగింది, ఖాలా! "భాయ్ సాబ్, ఇప్పుడే దిగిన. అక్కడ చుక్కలొచ్చినయా? ముందు మీ లైను తీస్కోండి, తర్వాత మా అక్క దగ్గరికి పోత. దారంత అదే అనుకుంట వచ్చిన. పక్క సీటాయన దువా చదువుతున్న అనుకున్నడు." ఆ వెంటనే చెప్పింది:

"అక్షరం రాని మా అమ్మ నోరే నా మొదటి పుస్తకం."

పెదనాన్న చేతిలో కలం ఉంది గానీ రాయలేకపోయారు. చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. నేనే రాశాను. పుస్తకం ఊరు చేరాక మా మేనత్త ఆ కవిత విని, "మా అమ్మేరా ఇది," అని మళ్లీ మళ్లీ చదివించుకుందట. అలాంటి మనిషి మా ఇంట్లో పుట్టాడని నాకు ఇప్పటికీ ఎంత గర్వమో చెప్పలేను. ఖాలా అన్నా అంతే.

ఇప్పుడు పెదనాన్న లేరు, మేనత్త లేదు. పుస్తకం ప్రతులూ ఎవరెవరి ఇళ్లకో పోయాయి. ఖాలా మాత్రం హైదరాబాదు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, "భాయ్ సాబ్ లైను నా దగ్గర భద్రంగ ఉంది బిడ్డా," అని ఒకసారి చెప్పి గానీ పెట్టేయదు. కాలం మా దగ్గర చాలా పట్టుకుపోయింది. ఆయన నమ్మి ఒకరి నోట దాచింది మాత్రం ఇంకా దాని చేతికి చిక్కలేదు.