మంగినపూడి దాకా మూడు బస్సులు

రత్నబాబు సముద్రం చూడలేదు. ఇరవై రెండేళ్లు బోరు లారీ మీద పనిచేసి, వీరులపాడు నుంచి జగ్గయ్యపేట దాకా ఎన్ని ఊళ్లలో ఎన్ని బోర్లు వేశాడో అతనికే తెలియదు గానీ, బెజవాడ దాటి తూర్పుకు ఎప్పుడూ వెళ్లలేదు. రెండు కిడ్నీలూ పాడయ్యాక ఆ మాట భార్య దేవమణితో నాలుగైదుసార్లు అన్నాడు.

సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. నందిగామలో పొద్దున్నే దేవమణితో బస్సెక్కి బెజవాడ వెళ్లడం, నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవడం, సాయంత్రానికి వాంతులతో ఇల్లు చేరడం. మూడేళ్లుగా ఇదే. పక్క మంచం జగ్గయ్యపేట శాంతయ్యది. వయసులో ఉండగా బందరు నుంచి చేపల లారీ నడిపినవాడు. మిషను తిరుగుతున్నంతసేపూ బందరు పక్కనుండే మంగినపూడి తీరం, అక్కడి అలల గురించే చెప్పేవాడు. ఒక సోమవారం శాంతయ్య రాలేదు. బుధవారానికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక రత్నబాబు, "రేపు బందరెల్దాం. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దాం" అన్నాడు. అతను ఏదైనా కావాలని అడిగి చాలా కాలమైంది. దేవమణి కాదనలేకపోయింది.

రోజుకు అరలీటరు నీళ్లకు మించి అతను తాగకూడదు. ఆ అరలీటరూ సీసాలో పోసి ఆమె తన సంచిలో పెట్టుకుంది. గురువారం ఎండ ఏడింటికే మొదలైంది. కంచికచర్లలో జనం ఎక్కి బస్సు కిక్కిరిసింది. పరిటాల ఆంజనేయుడి విగ్రహం దాటుతుంటే రత్నబాబు కిటికీలోంచి పొలాల వైపు చెయ్యి చూపించాడు.

"అటు ఎనిమిది బోర్లేసా. రెండిట్లోనే నీళ్లు పడ్డాయి."

బెజవాడలో బందరు బస్సెక్కారు. కంకిపాడు, ఉయ్యూరు దాటేసరికి అంతా పచ్చగా ఉంది. కాలువ నిండుగా పారుతోంది. అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"తవ్వకుండానే ఇన్ని నీళ్లు" అన్నాడు కాసేపటికి. తర్వాత నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. దేవమణి సీసా తీసి రెండు గుక్కలు ఇచ్చింది. మూడో గుక్క అడగలేదు.

బందరులో మంగినపూడి బస్సు కోసం గంట కూర్చున్నారు. ఎక్కాక రొయ్యల చెరువులు వచ్చాయి, ఉప్పు గాలి తగిలింది. చివరికి బస్సు ఆగినచోట సముద్రం కనిపించింది. దగ్గర బురదరంగు, దూరంగా నీలం. రత్నబాబు చెప్పులు విడిచి, ఉబ్బిన పాదాలతో మోకాళ్ల లోతుకు దిగాడు. దేవమణి భుజం పట్టుకుని అల వచ్చినప్పుడల్లా తూలి, నవ్వాడు. ఆ నవ్వు ఆమె మర్చిపోయిన నవ్వు. ఇరవై నిమిషాలు అతనికి జబ్బు లేదు.

సరుగుడు చెట్ల నీడలో అతన్ని కూర్చోబెట్టి ఇడ్లీల కోసం వెళ్లింది. తిరిగొచ్చేసరికి అతని పక్కన ఖాళీ కొబ్బరిబోండం ఒకటి పడి ఉంది. చేతిలో రెండోది. కొబ్బరినీళ్లు తాగితే గుండె ఆగిపోతుందని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. దేవమణి దాన్ని లాక్కుంది. అది అప్పటికే తేలికగా ఉంది.

"ఏం పనయ్యా ఇది?"

"దాహమేసింది."

"రేపు డాక్టరు అడిగితే ఏం చెప్పను?"

"ఏం చెప్పక్కర్లా. రేపు ఎల్లట్లేదు."

"మరి సోమవారం?"

"సోమవారమూ లేదు. ఇంక ఎల్లను, దేవమణీ. ఆ సూదులు నావల్ల కాదు."

ఆమె ఇసుకలో కూలబడింది. "నన్నో మాట అడగాలనిపించలేదా నీకు?"

"అడిగితే వద్దంటావు. ఇంటికాడ చెప్తే నలుగురూ చేరతారు."

"మరి నేనేమైపోవాలి?"

అతను సముద్రం వైపు తిరిగాడు. బస్సు హారన్ కొట్టేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో అతను ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆమె కిటికీలోంచి ఏమీ చూడలేదు.

శుక్రవారం తెల్లవారుతుండగా దేవమణి ఆస్పత్రి ఫైలు తీసుకుని గుమ్మంలో నిలబడింది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆదివారం పాస్టరుగారు వచ్చి గంటసేపు నచ్చజెప్పారు.

"ప్రార్థన చెయ్యండి అయ్యగారూ. బతిమాలమాకండి" అన్నాడు రత్నబాబు.

ఒళ్లంతా ఉబ్బింది. ఊపిరి బరువెక్కింది. మంగళవారం పొద్దున పదింటికి దేవమణి తడిగుడ్డతో ముఖం తుడుస్తుండగానే ప్రాణం పోయింది.

సమాధుల తోటలో రత్నబాబు అక్క పున్నమ్మ అందరి ముందూ అడిగింది. "బలవంతంగా అయినా తీసుకెళ్లకపోయావా?"

"రానన్నాడు వదినా" అంది దేవమణి. అది నిజమే. కానీ ఇంక ఎల్లనని అతను అన్నప్పుడు, ఏడుపు రాకముందు, ఆ ఇసుకలో కూర్చుని ఆమె ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. రేపు పొద్దున్నే ఆ బస్సు ఎక్కనక్కర్లేదు అనుకుంది. అది పున్నమ్మకు చెప్పలేదు. పాస్టరుగారికీ చెప్పలేదు. ప్రార్థనలో చెప్పబోయి, ఆమేన్ అనేసింది.