ఎముక విరగని వంశం

దక్షిణాఫ్రికాలోని మా కారూ మెట్టల్లో సూసారా వాళ్ల వంశానికి ఎముక విరగదని పేరు. వాళ్ల తాత గాలిమర మీంచి పడితే ఆయనకేమీ కాలేదు గాని, పడ్డచోట ఏర్పడ్డ గుంటలో మా నాన్న చాలాకాలం గొర్రెలకు నీళ్లు పెట్టాడు. గుంటను నేను చూడలేదు. గొర్రెల్ని చూశాను.

ఆ పేరుకు మూల్యం చెల్లించింది సూసారా ఒక్కతే. చెడిన జన్యువు అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి ఆమెకు వచ్చాయి. ఒక్కటే వస్తే ఎముక గట్టిపడి ఊరుకుంటుంది. రెండూ వస్తే పెరుగుతూనే పోతుంది. పుట్టుకతోనే ఆమె రెండు వేళ్లు అతుక్కుపోయి ఉన్నాయి. తర్వాత ముఖంలో నరాలు నలిగి నవ్వు పోయింది, ఆపైన వినికిడి పోయింది. మెదడుకు చోటు చాలక కేప్ టౌన్‌లో పుర్రె తెరిచారు. డాక్టర్ల రంపం మొండిబారిందని ఆమే చెప్పేది. భుజాలు ఊగితే నవ్విందని మాకు అర్థమయ్యేది.

ఆమె తమ్ముడి కూతురు అలెట్టాకు పక్క గొర్రెల ఫారం వాళ్లబ్బాయి ఫానీతో పెళ్లి కుదిరింది. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం నిప్పుల మీద గొర్రెమాంసం కాలుస్తున్నాం. గుర్రం మీంచి ఎన్నిసార్లు పడ్డా తన కొడుక్కి ఏమీ విరగలేదని ఫానీ తండ్రి గొప్పలు పోయాడు. అందరూ సంబరపడ్డారు. అతని పెదవులనే చూస్తున్న సూసారా కాఫీ కప్పు కింద పెట్టింది.

"పెళ్లికి ముందు పిల్లలిద్దరికీ రక్తపరీక్ష చేయించండి."

"మా రక్తానికేం రోగమమ్మా?"

"రోగమనలేదన్నయ్యా, బలమే. ఆ బలం రెండు వైపులనుంచీ వస్తే ఇదిగో, ఇలా పుడతారు" అని అతుక్కున్న వేళ్లు చూపించింది.

అందరూ నిప్పులవైపు తిరిగి మాంసం తిప్పసాగారు. అలెట్టా మాత్రం వచ్చి ఆ వేళ్లు పట్టుకుని, "చేయించుకుంటాంలే అత్తా" అంది.

ఫలితం వచ్చేదాకా సూసారా సరిగా తినలేదు. చివరికి అలెట్టాకు ఆ జన్యువు ఒకటి ఉందనీ, ఫానీకి లేదనీ తేలింది. పుట్టబోయే పిల్లలకు సూసారా కష్టం రాదు. ఫానీ తండ్రి మాత్రం తన కొడుకు ఉత్త మామూలు మనిషని తెలిసి చిన్నబుచ్చుకున్నాడు.

పెళ్లిరోజు ఉన్ని కత్తిరించే షెడ్డులో బల్లెక్కి చిందులేస్తూ పెళ్లికొడుకు జారిపడ్డాడు. మణికట్టు పుటుక్కుమంది. ఆడవాళ్లు గొల్లుమన్నారు. సూసారా కుర్చీలో కూర్చుని వాడి వాచిన చేతినే చూస్తోంది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, భుజాలు ఎంతకీ ఊగడం ఆపలేదు.