కారం పూసిన తలుపు

సముద్రాల అవతలి దీవిలో, లంబాసా చక్కెర మిల్లులో నేను ఫిట్టరుగా పనిచేసే రోజుల్లో, కూలీ లైన్లలో నాతో ఒకే గదిలో ఉన్న తాత తన కుక్కను నాకు అప్పగించి వెళ్లిపోయాడు. గిర్మిట్, అంటే కూలీ ఒప్పందం, ముగించుకుని మద్రాసు ఓడ కోసం రేవుకు బయలుదేరిన పొద్దున, తాడు నా చేతిలో పెట్టి, "ముదిరిన కుక్క నాయనా, అల్లరి చేయదు" అన్నాడు.

అల్లరి చేయలేదు. నమిలింది.

తాత దాన్ని రోజూ చెరకు తోటకు వెంట తీసుకుపోయేవాడు. నాకు ఆ వీలు లేదు. రోలర్లూ బెల్టులూ తిరిగే చోట కుక్కకు చోటెక్కడ? గదిలో పెట్టి బయట గడియ వేసేవాణ్ణి. మొదటి వారం పోయినవి: ఎడమకాలి బూటు, చాప అంచు, చెరకు కత్తి పిడి. రెండో వారం తలుపు మొదలైంది. లోపలివైపు, గడియ కింద, బెత్తెడు మేర చెక్క లేచిపోయింది.

లైన్ల మీద అజమాయిషీ చేసే సర్దార్ వచ్చి వంగి చూశాడు.

"కులంబర్ చెప్పేశాడు. ఇంకోసారి దీని మీద పన్ను పడితే కుక్కకి తుపాకీ గోలీయే. కొత్త తలుపు ఎవడిస్తాడ్రా, మీ బాబా?"

కులంబర్ అంటే మా తెల్ల ఓవర్సీరు. అన్నంత పనీ చేసే మనిషి.

పన్నెండు గంటల పని చేసి వచ్చి, మద్రాసు పారిశ్రామిక పాఠశాల నేర్పిన అలవాటు కొద్దీ అది ఎందుకు నములుతోందో కారణాలు కాగితం మీద రాసుకున్నాను. ఆకలా? కాదు, వెళ్లే ముందు కడుపు నిండా పెడుతున్నాను. పళ్లు వస్తున్నాయా? పిల్ల కాదు. రుచి మరిగిందా? అయి ఉండవచ్చు. మర్నాడు వేకువనే ఎండుమిరపకాయలు నూరి, చెక్కకు దట్టంగా పూసి వెళ్లాను.

సాయంత్రానికి కారం లేదు. మరో రెండంగుళాల చెక్కా లేదు.

అవతలి గది అక్క చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓ ఇంజినీరు తమ్ముడా! పదేళ్లు ముసలాయన చేత్తో ఊరగాయన్నం తిన్న కుక్కరా అది. నువ్వు తలుపుకి తాలింపు పెట్టి పోయావు!"

నాకు నవ్వు రాలేదు. కొరికిన చోట బురద మెత్తి, సర్దార్ కంట పడకుండా బకెట్టు అడ్డం పెట్టాను.

ఆదివారం పని లేదు. తలుపు తెరిచి, గోడకు చేరగిలబడి దాన్నే చూస్తూ కూర్చున్నాను. రోజంతా అది ఒక్క వస్తువు ముట్టలేదు. గడపలో పడుకుంది, అంతే. నా కాగితంలో రాయని కారణం ఒకటే మిగిలింది: గడియ.

గడియ తీసేస్తే నా వెనకే మిల్లుకు రావచ్చు. తోటలోకి పోయి ఎవరి కత్తికైనా అడ్డం పడవచ్చు. ఉంచితే మాత్రం గోలీ ఖాయం. బందుల మేకులు ఊడదీసి, తలుపును పైన దూలాల మీదికి ఎక్కించాను. "మరమ్మతు" అని సర్దార్‌కు చెప్పాను. ఎన్నాళ్లని అతను అడగలేదు. నేనూ చెప్పలేదు.

సోమవారం ప్రతి బెల్టు కిందా కుక్క కోసం చూస్తూనే పని చేశాను. రాలేదు. సాయంత్రం వెళ్లేసరికి వాన జల్లుకు చాప సగం తడిసి ఉంది. కుక్క గడప మీదే ఉంది. నన్ను చూసి తోక ఒకసారి ఆడించి, మళ్లీ తాత వెళ్లిన రేవు బాట వైపు తల పెట్టుకుంది.

దాన్ని దాటుకుని లోపలికి పోయి, పొడిగా ఉన్న వైపుకు చాప లాక్కుని పడుకున్నాను.