నా శవానికి నేనే డైరెక్టర్ని

మీలో ఎవరైనా చచ్చి, చుట్టూ జనం ఏడుస్తుంటే విని, మళ్ళీ లేచొచ్చారా? నేనొచ్చాను. పెద్దమందడి దగ్గరొక పల్లెలో, పట్టపగలు, కెమెరా ముందు, పరువంతా చాప మీదే వదిలేసి లేచాను.

ఇప్పుడంటే నాలుగు సీరియళ్ళు తీసినవాణ్ణి. అప్పుడు చేతిలో ఉన్నది ఒకే అవకాశం. ఒక చానెల్ వాళ్ళు మొదటి ఎపిసోడ్ తీసి చూపించమన్నారు. నచ్చితే సీరియల్ నాది, లేకపోతే మళ్ళీ ఎవరి దగ్గరో అసిస్టెంటుగా క్లాప్ కొట్టుకోవడమే. అంతా తీసేశాం, చివరి రోజుకి ఇంటిపెద్ద చావు సీను మిగిలింది. సాయంత్రానికల్లా పంపాలి.

శవం వేషం వేయాల్సిన ఆయన చాప మీద పడుకోబోతూ ఇంటికి ఫోన్ చేశాడు. భార్య ఏమన్నదో గాని, లేచి వనపర్తి బస్సెక్కేశాడు. ఊళ్ళో ఇంకెవరూ ఒప్పుకోలేదు. చేసేది లేక నేనే ముక్కులో దూది పెట్టుకున్నాను. తల దగ్గర నా భార్య వేషం వేసిన నటి కూర్చుంది.

కెమెరామన్ రమేశ్‌తో గట్టిగా చెప్పాను. "నేను కట్ అనేదాంక ఆపకు. ఏమైనా సరే."

శవం కట్ ఎలా అంటుందని అతనూ అడగలేదు, నాకూ తట్టలేదు.

ఏడవడానికి పల్లీ చేనుకు కూలికి పోయే ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో పెద్దామె బాలమ్మ నా ముఖంలోకి వంగి చూసింది.

"సారూ, సచ్చినోని ముచ్చట జర చెప్పు."

"ముచ్చటెందుకమ్మా, ఊకె ఏడువుండ్రి."

"ఊకె ఎట్ల ఏడుస్తం? మనిషి తెల్వకుంటే ఏమని ఏడ్వాలె? పెండ్లయిందా?"

మా పాలమూరులో చావు దగ్గర ఏడుపంటే ఉత్త కన్నీళ్ళు కాదు. పోయినవాడి బతుకంతా రాగం తీసి చెప్పాలి. ఇటిక్యాలలో పుట్టిన నాకు ఆ మాత్రం తెలియొద్దా? కథలో ఇంటిపెద్దకు భార్య, ముగ్గురు కొడుకులు. రాసింది నేనే. కానీ ఆమె అట్లా కళ్ళలోకి చూసి అడుగుతుంటే, నన్నే అడిగినట్టనిపించింది. నా సంగతి ఒకరు అడిగి ఎన్నేళ్ళయిందో.

"కాలే," అన్నాను.

"ఇంట్ల ఎవరుంటరు?"

"ఎవ్వరు లేరు. పట్నంల కిరాయి రూము. ఒక్కడే."

"వంట?"

"వాడే చేసుకుంటుండె."

"ఇగ చాలు, పండుకో," అని బాలమ్మ కొంగు సర్దుకుంది.

నేను కళ్ళు మూసుకున్నాను. ఆమె మొదలుపెట్టింది.

"ఒక్కనివే వండుకుంటివి కొడుకా, ఒక్కనివే తింటివి కొడుకా. పానం బాగలేకుంటే ఏమైందని అడిగేటోళ్ళు లేకపోయిరి కొడుకా. తాళం నువ్వే ఏస్తివి, నువ్వే తీస్తివి కొడుకా."

తాళం సంగతి నేను చెప్పనే లేదు. ముందు ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క కారింది. బాలమ్మ దాన్ని కొంగుతో తుడిచి మళ్ళీ ఏడ్చింది. ఆ తుడవడంతో నా పని అయిపోయింది. ఊపిరి బిగబట్టాను, దూది ఊడింది, భోరుమన్నాను. నా భార్య కెవ్వుమని గోడ దూకింది. ఏడ్చే మగవాణ్ణి నమ్మొద్దన్నారు పెద్దలు. ఏడ్చే శవాన్ని ఏం చేయాలో చెప్పకుండానే పోయారు. రమేశ్ మాత్రం తీస్తూనే ఉన్నాడు. నేను కట్ అనలేదు కదా.

ఆడవాళ్ళు చేనుకు పోయే వేళయింది. బాలమ్మ ఒక్కతే ఆగింది.

"సచ్చినోళ్ళు ఏడ్వరు బిడ్డా. గవన్ని నీ ముచ్చట్లేనా?"

"కథ అమ్మా."

"కథైతే మంచిదే. రొట్టె తిని పో, రా. పల్లీల తొక్కున్నది."

పనుందన్నాను. ఏ పనీ లేదు. సిగ్గేసింది, అంతే.

మళ్ళీ తీసే వ్యవధి లేక ఉన్నదే పంపాను. మర్నాడు చానెల్ పెద్దాయన ఫోన్ చేశాడు. "భార్యను పక్కన కూర్చోబెట్టి ఒక్కడే వండుకుని తిన్నాడని ఏడిపించారు. సరే, డబ్బింగులో సర్దుకుందాం. కానీ అందరికంటే ఎక్కువ ఆ శవమెందుకండీ ఏడ్చింది?"

సీరియల్ ఇంకొకరికి పోయింది.

ఆ రోజే నా క్లాప్ బోర్డు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఎవరైనా నా సంగతి అడిగితే, ముందు కెమెరా ఆపించి, ఆ తర్వాతే జవాబు చెబుతాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కెమెరా ఆపించాల్సిన అవసరం రాలేదు.