మాట ముందు, బిళ్ల తర్వాత

వెర్నా ముక్కలు పంచడం మానేసి ఆటలో కూర్చోబోతోందని తెలిసినప్పుడు విన్నెమకా ఊళ్లో పేకాటగాళ్లంతా పండగ చేసుకున్నారు. ఎందుకు చేసుకోరు? సేజ్‌బ్రష్ క్లబ్బులో ఆవిడ డీలరుగా ఉన్నంతకాలం ఆవిడ చేత చివాట్లు తినని మగాడు లేడు. గనుల మేనేజరైనా, గొర్రెల షావుకారైనా, లారీ డ్రైవరైనా ఆవిడ బల్ల ముందు ఒకటే. రూలు తప్పితే నోరు మూయించేది. ఇప్పుడు ఆవిడే అవతలివైపు కుర్చీలోకి వచ్చింది కనుక పాత బాకీలన్నీ తీర్చుకోవచ్చని అందరికీ ఆశ.

వెర్నా తండ్రి గొర్రెలు కాయడానికి బాస్క్ దేశం నుంచి వచ్చినవాడు. తల్లి రైలుస్టేషను పక్కన కాపరుల బసలో వంట చేసేది. చలికాలంలో కొండలు దిగివచ్చిన కాపరులు పొడుగాటి బల్ల మీద గొర్రెమాంసం కూర, రొట్టె లాగించి, గిన్నెలు తీయకముందే ముస్ అనే పేకాట మొదలుపెట్టేవారు. వాళ్ల మోకాళ్ల సందున దూరి కూర్చుని వెర్నా పేక కలపడం నేర్చుకుంది. అక్షరాల కంటే ఇస్పేటు, కళావరు ముందు వచ్చాయి ఆ పిల్లకి. పెద్దయ్యాక క్లబ్బులో ఉద్యోగం దొరికింది. పెళ్లయింది. మొగుడు రే ఒక సంతలో పరిచయమైన ఆడమనిషితో బోయిసీ ఊరికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం కూడా వెర్నా పనికి వచ్చింది, ఒక్క ముక్క కూడా తప్పు పంచలేదు. ఆవిడ వేళ్లు అలాంటివి. ముక్క గాలిలో తేలుతూ వచ్చి సరిగ్గా మనిషి ముందు వాలేది.

ఆ వేళ్లే ఇప్పుడు ఆవిడని మోసం చేస్తున్నాయి.

నడుంనొప్పి వల్ల పని మానేశానని ఊరికి చెప్పింది. అది అబద్ధం. కుడిచెయ్యి వణుకుతోంది. మొదట కాఫీ కప్పు దగ్గర, తర్వాత తాళంచెవి దగ్గర, ఆఖరికి పేక కలిపేటప్పుడు. రీనోలో డాక్టరు ఆ జబ్బుకి ఒక పేరు చెప్పాడు, మాత్రలు రాశాడు. మాత్రలు ఇంటికి తెచ్చుకుంది కానీ ఆ పేరు మాత్రం ఎవరి ముందూ పలకలేదు.

ఎందుకు దాచిందంటే, క్లబ్బులో పాత ఆటగాడు గస్ సంగతి ఆవిడకి గుర్తుంది. గస్ పక్షవాతం వచ్చి కోలుకున్నాక మళ్లీ ఆదివారం పోటీకి వచ్చాడు. అంతే, బల్ల చుట్టూ ఉన్న మొరటు మనుషులందరికీ ఒక్కసారిగా జాలి పుట్టుకొచ్చింది. అతను పందెం కడితే మంచి ముక్కలున్నవాళ్లు కూడా పడేసేవారు. అతని పందెం బిళ్లలు పేర్చిపెట్టేవారు. అతని ముక్కలు వాళ్లే తిప్పేవారు. గెలిచినప్పుడల్లా భుజం తట్టేవారు. గస్ కొన్నాళ్లు చూశాడు, తర్వాత రావడం మానేశాడు. కిటికీ దగ్గర కూర్చుని టీవీ చూస్తూనే ఒకరోజు ప్రాణం వదిలాడు. అందరికంటే ఎక్కువ జాలి చూపించింది అతని ప్రాణస్నేహితుడు లైల్. సమాధి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ అతనే.

వెర్నాకి ఈ ఆదివారం మధ్యాహ్నాలు తప్ప ఇంకేం లేవు. వీళ్ల తిట్లే ఆవిడ చుట్టరికం. చెయ్యి సంగతి బయటపడితే తిట్టడం మానేస్తారు. అంతకంటే భయం ఆవిడకి ఇంకొకటి లేదు.

అందుకని కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, సంచి పట్టీ గట్టిగా పట్టుకుని, అన్నీ ఎడమచేత్తోనే చేసేది. అదో మూఢనమ్మకం అనుకున్నారు జనం. పేకాటగాళ్లలో అది వింతేం కాదు, ఒకాయన ఉతకని సాక్స్‌తోనే ఆడతాడు. కానీ ఈమధ్య ఎడమచెయ్యి కూడా మొదలుపెట్టింది. అదీ ఎక్కడ? చేతులు వణికితే పెద్ద ముక్కలు పడ్డట్టే అని పాలబుగ్గల కుర్రాడికి కూడా తెలిసిన చోట.

ఆ ఆదివారం చలికాలపు పోటీలో ఆఖరి రోజు. చివరికి అయిదుగురు మిగిలారు. ముక్కలు పంచుతున్నది ట్రూడీ. ఆ అమ్మాయికి పని నేర్పింది వెర్నాయే. ఎదురుగా లైల్, నెత్తిన చెమట మరకల టోపీ.

"ఏం తల్లీ, ఇవాళ కూడా ఒంటిచేత్తోనేనా?" అన్నాడు లైల్. "ఆ రెండో చేత్తో కింద ఏం చేస్తున్నావ్, జపమా?"

"నీకు రెండు చేతులూ ఉండి ఏం గెలిచావ్ గనక?" అంది వెర్నా.

"అబ్బో! నోటికి మాత్రం నడుంనొప్పి రాలేదు."

బల్ల నవ్వింది. వెర్నాకి ప్రాణం లేచొచ్చింది. పొద్దున వేసుకున్న మాత్ర బలం దిగిపోతోందని మాత్రం లోపల తెలుస్తూనే ఉంది.

ట్రూడీ మనిషికి రెండేసి ముక్కలు బోర్లా పంచింది. వెర్నా ఎడమ బొటనవేలితో తన ముక్కల అంచు ఎత్తి చూసింది. ఇస్పేటు ఆసు. దాని కింద ఆటీను ఆసు.

జంట ఆసులు. మొదటి రెండు ముక్కల్లో అంతకు మించిన చెయ్యి ఆ ఆటలో లేదు. ఇంకెవరైనా అయితే లోలోపల ఎగిరి గంతేసేవారు. వెర్నాకి మెడ వెనక చెమట పట్టింది.

ముందున్న ఇద్దరూ ముక్కలు పడేశారు. వంతు ఆవిడదే. ఎలా ఆడాలి? అన్నీ పెట్టేస్తున్నానంటే అందరూ పారిపోతారు, ఏడాదికోసారి వచ్చే ముక్కలు బూడిదపాలు. ఊరికే ఉన్న పందేనికి సరి అంటే చెత్త ముక్కలున్నవాడు కూడా చవగ్గా లోపలికి దూరతాడు, అదృష్టం కలిసొస్తే ఆసుల్ని కొట్టేస్తాడు. ఉన్నదాన్ని మూడింతలు చెయ్యాలి. అదే సరైన ఆట, ఆవిడ కళ్లముందు కొన్ని వేలసార్లు జరిగింది. కానీ మూడింతలంటే బిళ్లలు లెక్కపెట్టి, దొంతి కట్టి, ముందుకు జరపాలి. ఈ చేత్తోనా? ఆ దొంతి అక్కడే కూలుతుంది. లైల్ కళ్లు ఆవిడ వేళ్ల మీదే ఉన్నాయి.

పందెం పెంచుతున్నానని ముందు "రెయిజ్" అని, పెద్ద బిళ్ల ఒకటి వేస్తే సరిపోతుంది. లెక్కపెట్టే పని లేదు, దొంతి పని లేదు. వెర్నా ఊదారంగు బిళ్ల ఒకటి తీసింది. వేళ్ల మధ్య అది అదురుతోంది. వణుకు ఎవరికీ కనపడకముందే దాన్ని వదిలించుకోవాలన్న తొందరలో విసిరేసింది. నోరు పిడచగట్టుకుపోయి ఉంది. బిళ్ల బల్లకి పరిచిన బట్ట మీద పడింది. ఆ తర్వాత మాట వచ్చింది.

"రెయిజ్."

ట్రూడీ చెయ్యి ఆగిపోయింది. ఆ అమ్మాయి వెర్నా మొహంలోకి చూడలేకపోయింది.

"వెర్నక్కా... బిళ్ల ముందు పడింది."

లైల్ కుర్చీలో వెనక్కి వాలి ఇల్లు ఎగిరిపోయేలా నవ్వాడు. ఎందుకు నవ్వడు? కొన్నేళ్ల కిందట క్రిస్మస్ పోటీలో ఇదే తప్పు అతను చేశాడు. చేతిలో జంట రాజులు పెట్టుకుని పెద్ద బిళ్ల ఒక్కటి మాట లేకుండా వేశాడు. మాట లేని బిళ్ల ఎంత పెద్దదైనా ఉన్న పందేనికి సరి అన్నట్టే లెక్క, పెంచినట్టు కాదు. వెర్నా అప్పుడు ఒప్పుకోలేదు. అతను టోపీ నేలకేసి కొట్టినా ఒప్పుకోలేదు.

"మాట ముందు, బిళ్ల తర్వాత," అన్నాడు లైల్ ఆవిడ గొంతుని వెక్కిరిస్తూ. "నీ మనసులో ఏముందో నాకు వినపడదు, వెర్నా! ఈ ముక్క నాతో ఎవరన్నారో గుర్తుందా, మహాతల్లీ?"

"గుర్తుంది. ట్రూడీ, సరి అన్నట్టే లెక్కకట్టు. మిగతాది వెనక్కివ్వు."

నాలుక కరుచుకున్నా లాభం లేదు. ఆవిడ పక్కనున్న గొర్రెల షావుకారు ముక్కలు పడేశాడు. ఆ తర్వాతది లైల్. ఆ వంతుకి తప్పనిసరి పందెం అప్పటికే కట్టి ఉన్నాడు కనుక ఇంకేం పెట్టనక్కర్లేకుండా ఆటలో ఉండిపోయాడు. వెర్నా మూడింతలు చేసి ఉంటే ఆ ముక్కలు చెత్తబుట్టలోకి పోయేవి.

ట్రూడీ నడిబల్ల మీద, అందరికీ ఉమ్మడిగా లెక్కకొచ్చే అయిదు ముక్కల్లో మొదటి మూడు తిప్పింది. రాణి, ఏడు, నాలుగు.

లైల్ వాటిని చూసి, వెర్నా ఎడమచేతిని చూశాడు. చాలాసేపు చూశాడు. నవ్వు పోయింది.

"అన్నీ పెట్టేశా," అన్నాడు.

వెర్నా లెక్క వేసుకుంది. ఎందుకు పెట్టాడు? నేను పెంచలేకపోయాను గనక నా దగ్గర ఏం లేదనుకుని బెదిరిస్తున్నాడా? లేక చవగ్గా దూరి నిజంగానే ఏదైనా కొట్టాడా? పడేస్తే ఆట మిగులుతుంది. పడేయడానికి ఒక్క వేలు చాలు, ముక్కల్ని అలా ముందుకు నెడితే అయిపోతుంది. ఒప్పుకుంటే తన బిళ్లలు కూడా అన్నీ పందెంలోకి పోతాయి, ముక్కలు ఎత్తి తిప్పి చూపించాలి, బల్లంతా ఆ చేతినే చూస్తుండగా. అప్పుడు బుకాయింపు వణుకనీ, ఆసుల వణుకనీ అనుకోవడానికి ఎవరికీ వీలుండదు. పందెం అంతా పడిపోయాక కూడా వణికే చెయ్యి జబ్బు చెయ్యే.

ఆసులు పడేద్దామనుకుంది. నిజంగానే అనుకుంది, వేలు ముక్కల మీదికి వెళ్లింది కూడా. జంట ఆసులు పట్టుకుని భయపడి పారిపోయినవాళ్లని ఈ బల్ల దగ్గర ఎంతమందిని చూసిందో, వాళ్ల గురించి మనసులో ఏమనుకునేదో అప్పుడు గుర్తొచ్చింది. ఒళ్లు మండింది.

"కాల్," అని పందెం ఒప్పుకుంది. ఈసారి మాటే ముందు వచ్చింది.

లైల్ ముక్కలు తిప్పాడు. ఏడు, నాలుగు. రెండు జతలు. షావుకారు ఈల వేశాడు. వెర్నా గెలవాలంటే మిగిలిన రెండు ముక్కల్లో ఇంకో ఆసో, రాణో పడాలి, లేదా ఆ రెండూ జతగా రావాలి.

ఇక ఆవిడ తిప్పాలి. ఎడమచెయ్యి ముక్కల అంచు దొరకపుచ్చుకోలేకపోయింది. గోరు బట్ట మీద టకటకమంటోంది. ఒళ్లోంచి కుడిచెయ్యి తీసింది, అది ఇంకా అన్యాయం. ముక్క ఎత్తబోయింది, జారింది. మళ్లీ ఎత్తబోయింది. బల్ల మీద మాటలన్నీ ఆగిపోయాయి. గస్ చుట్టూ ఆవరించిన నిశ్శబ్దం అదే.

ట్రూడీ కళ్లనిండా నీళ్లతో ముందుకు వంగింది. "ఉండు అక్కా, నేను తిప్పుతా."

"ముట్టుకోకు!"

అరిచింది లైల్. ట్రూడీ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎవరి ముక్కలు వాళ్లే తిప్పాలి. రూలు. నీకు నేర్పలేదా ఈవిడ?" అని వెర్నా వైపు తిరిగాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. గొంతు మాత్రం ఎప్పటిలాగే గరుకుగా ఉంది. "ఏంటమ్మా, తెల్లారుస్తావా? నా బిళ్లలు చల్లారిపోతున్నాయ్ ఇక్కడ."

వెర్నా అతన్ని చూసింది. తర్వాత రెండు చేతులూ కలిపి ముక్కల్ని బల్ల అంచుదాకా ఈడ్చుకుంది, అంచు మీద నుంచి ఒకదాని తర్వాత ఒకటి తిప్పింది. ఎంతసేపు పట్టిందో, అంతసేపూ అందరూ కూర్చున్నారు. ఒక్కరూ సాయానికి రాలేదు.

"జంట ఆసులా!" లైల్ గుడ్లు తేలేశాడు. "ఆసులు పెట్టుకుని నన్ను ఉచితంగా దూరనిచ్చావా? ఓరి దేవుడా! నోరు తెరవడానికి ఏం రోగమే నీకు?"

ట్రూడీ నాలుగో ముక్క తిప్పింది. రెండు. అయిదోది తిప్పింది. తొమ్మిది.

ఆసులు పోయాయి. పోటీ పోయింది. చలికాలమంతా ఆడిన ఆట ఆవిడ నోరు ఆలస్యంగా తెరిచినందుకు పోయింది.

లైల్ రెండు చేతులా బిళ్లలన్నీ తన వైపు లాక్కున్నాడు, ఒక్కటి కూడా వదలకుండా. లాక్కుంటూనే ఆ ఊదారంగు బిళ్ల ఏరి పైకెత్తి అందరికీ చూపించి ముద్దు పెట్టుకున్నాడు. షావుకారు కడుపు పట్టుకుని నవ్వాడు. వెర్నా లేచి నిలబడింది. చేతులు రెండూ అందరి ముందూ ఆకుల్లా అల్లాడుతున్నాయి. పాపం అన్న మాట కోసం చెవులు రిక్కించింది. ఎవరూ అనలేదు.

"ఎక్కడికి? దొంగలా జారుకుంటున్నావేం?" అన్నాడు లైల్, బిళ్లలు పేర్చుకుంటూ, తల ఎత్తకుండా. "వచ్చే ఆదివారం పెందలాడే రా. క్రిస్మస్ పోటీ బాకీ ఇంకా సగం ఉంది నీ మీద."

"నీ మొహం మండ," అంది వెర్నా. అని, సంచి కుర్చీకి తగిలించి, బారు దగ్గరికి నడిచి, గ్లాసు రెండు చేతులతో ఎత్తి తాగింది. సగం చొక్కా మీద ఒలికింది. చూసి లైల్ మళ్లీ నవ్వాడు.