వకీలుకు నేనెవరో తెలియదన్న సంగతి

ఆ రోజుల్లో నాకు నిజం మీద మహా నమ్మకం. ముప్పై ఏళ్లు నిండలేదు, మొగుడు పోయి ఏడాది కాలేదు, మా జొన్నచేను ఉన్నచోట విమానాలు దిగుతున్నాయి. అయినా నిజం చెబితే పనవుతుందనుకునేదాన్ని (చదువు లేకపోవడమొక్కటే కాదు నా లోపం). శంషాబాద్ ఎయిర్‌పోర్టు కింద భూమి పోయిన ఇంటికొకరికి అక్కడే ఊడ్చే పని ఇస్తానన్నాడొక కాంట్రాక్టరు. పిల్లలిద్దరి తిండికి అదొక్కటే దారి. పట్టా మా ఆయన పేరు మీద ఉంది కనుక, ఆయన భార్యను నేనేనని మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసిన కాగితం శనివారంలోగా తెమ్మన్నాడు.

శుక్రవారం మా ఆయన అన్న, మా బావ, నన్ను ఆరాంఘర్ మీదుగా కోర్టుకు తీసుకెళ్లాడు. మా పెళ్లిపందిరి వేసినవాడు ఆయనే. కానీ నేనెవరో ఆయన చెబితే చెల్లదట, వకీలే చెప్పాలట. బావ మాట్లాడి పెట్టిన వకీలు కోర్టు గుమ్మం దగ్గర "నీ పేరేందమ్మా?" అని అడిగి, కాగితం మీద 'ఈమె నాకు స్వయంగా తెలుసు' అని ఉన్నచోట సంతకం గీకేశాడు. లోపల జడ్జిగారు నాతో, దేవుడి సాక్షిగా అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేయించి, "ఈమె మీకు తెలుసా?" అని వకీలును అడిగారు. "మంచిగ తెలుసు సార్" అన్నాడాయన. నా నోరు ఊరుకోలేదు.

"లేదు సారూ, గీ సారుకు నేను ఎర్కలేను. జరసేపటి కింద బయట నా పేరడిగిండు."

జడ్జిగారు ముద్ర పక్కన పెట్టారు. "నా ముందు నిలబడిందెవరో నాకు నమ్మకం కుదరాలమ్మా, అప్పుడే నా సంతకానికి విలువ. సోమవారం రండి."

బయటికొచ్చాక బావ నా ముఖం చూడలేదు. "నిన్నెవరడిగిండ్రు పిల్లా? ఇగ ఆ దేవున్నే వకీలుగ పెట్టుకో."

సోమవారం మళ్లీ అదే ప్రశ్న. వకీలు నిట్టూర్చి, "ఇప్పుడు నిజంగనే తెలుసు సార్, సచ్చేదాంక మర్వను" అన్నాడు. జడ్జిగారు నవ్వు రాకుండా పెదవి బిగబట్టి ముద్ర వేశారు. కాగితం పట్టుకుని పరుగున వెళ్తే, శనివారమే పేర్లు నిండిపోయాయన్నాడు కాంట్రాక్టరు. ఆ కాగితాన్ని తిప్పి కూడా చూడలేదు.

తర్వాత ఏళ్ల తరబడి ఇళ్లల్లో అంట్లు తోమాను. మొన్న మా వాడలో ఒక పిల్ల, మొగుడు పోయినది, అలాంటి కాగితానికే పోతూ, "వకీలు అబద్దమాడితే ఏం జెయ్యాలక్కా?" అంది. "తలకాయ దించుకొని నిలబడు బిడ్డా" అన్నాను. అన్నాక ఆ శుక్రవారం నాటి పిచ్చిది గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇప్పుడు నన్ను దాని ముందు నిలబెట్టి అడిగితే, ఈమె నాకు తెలియదనే అంటుంది, ప్రమాణం చేసి మరీ.